కింది వరస పలక

బైండరుగారి ఇల్లెక్కడ అని అడిగితే ఊళ్లో సగం మంది బుర్ర గోక్కునేవారు. పలకలాయన ఇల్లు అంటే మాత్రం పని మానుకుని సందు చివరిదాకా వచ్చి చూపించి పోయేవారు.

వారమంతా ఆయన లైబ్రరీ వెనక గదిలో కూర్చుని, ఊడిపోయిన పుస్తకాలు విప్పి, కుట్టి, జిగురు పూసి, కొత్త అట్టలు వేసి, బరువు కింద పెట్టేవారు. మ్యాచ్ ఉన్న రోజున గ్రౌండుకి వెళ్లి, తూర్పు గోడ మీదున్న బోర్డు దగ్గరికి ఇనుప నిచ్చెన ఎక్కేవారు. ముప్పై ఒక్క ఏళ్ల పాటు మిల్లు ఫుట్‌బాల్ జట్టు వేసిన ప్రతి గోలూ, తిన్న ప్రతి గోలూ ఆయన చేతి రేకు పలక మీదుగానే లెక్కలోకి వచ్చింది. మిల్లు మూతపడి పదకొండేళ్లయినా జట్టుకి ఆ పేరు పోలేదు.

"ఆ బోర్డునే చేసుకోవాల్సింది. మధ్యలో నేనెందుకు మీకు?" అనేది భార్య.

"దానికి వంట రాదు," అనేవారు ఆయన చెప్పులేసుకుంటూ.

నిజానికి ఆయనకు ఆ బోర్డు ఎందుకంత ముఖ్యమో భార్యకు తెలుసు. పుస్తకం ఎవరు రాశారో అట్ట మీద ఉంటుంది. దాన్ని ఎవరు కుట్టారో ఎక్కడా ఉండదు. వారానికొక్కసారి మూడు నాలుగు వేల మంది తల ఎత్తి తన చేతుల వంక చూస్తారు, తను చూపించిందే నమ్ముతారు. ఆ మాట ఆయన ఎప్పుడూ పైకి అనలేదు.

బోర్డుకి రెండు వరసలు. పై వరసలో మన మ్యాచ్ స్కోరు. కింది వరసలో, ఆ రోజు మన రాత ఏ ఊరి మ్యాచ్ మీద ఆధారపడి ఉందో ఆ స్కోరు. పై వరసకి కళ్లు చాలు. కింది వరసకే ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొత్తలో ఒకసారి ఎవరో అన్న మాట పట్టుకుని లేని గోలు తగిలించి, వారం రోజులు ఊరంతటి చేతా ఎగతాళి చేయించుకున్నారు. అప్పట్నుంచి ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు చెబితే తప్ప కింది పలక కదిపేవారు కాదు. చెప్పిన ప్రతివాడినీ "నీకెవరు చెప్పారు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకి జనం నవ్వుకునేవారు కూడా. "నీళ్లు వేడిగా ఉన్నాయంటే కూడా ఎవరు చెప్పారని అడుగుతాడయ్యా," అని సెలూన్ నడిపే స్నేహితుడి వెక్కిరింపు.

ఆ ఏడు ఆఖరి మ్యాచ్‌కి ముందు రోజు ఆ సెలూనాయనా, రిటైరైన లెక్కల టీచరమ్మా బైండింగు గదిలో చేరారు. వారం క్రితం క్లబ్బు కమిటీ గ్రౌండు గేటుకి కాగితం అంటించింది. ఈసారి పై డివిజన్‌కి వెళ్లకపోతే క్లబ్బు ఎత్తేస్తారు, గ్రౌండు గోడౌన్లకి ఇచ్చేస్తారు.

"టీచరమ్మా, ఇంకొక్కసారి చెప్పండి. ఈసారి కాస్త మనం పైకెళ్లేలా చెప్పండి," అన్నాడు సెలూనాయన.

"నువ్వు వందసార్లు అడిగినా లెక్క మారదు నాయనా. మనకీ రేవు జట్టుకీ పాయింట్లు సమానం. గోల్స్ తేడా వాళ్లకి మెరుగు. ఇద్దరం గెలిచినా వాళ్లే, ఇద్దరం డ్రా చేసినా వాళ్లే. రేపు ఇక్కడ మన మ్యాచ్, అదే టైముకి వాళ్ల ఊళ్లో వాళ్ల మ్యాచ్. వాళ్లకంటే మనం ఒక మెట్టు పైనుండాలి. వాళ్లు డ్రా చేస్తే మనం గెలిచి తీరాలి. వాళ్లు ఓడితే మనకి డ్రా చాలు."

"ఓడతారు. వాళ్ల గోల్‌కీపర్ని చూశాను. చెవుల ముందు సైడులాకు ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి. అలాంటివాడు స్థిమితంగా నిలబడడు."

"పోయిన నెల నువ్వు నాకు చేసిన క్రాఫూ అలాగే ఉంది. నేను నిలబడ్డం లేదా?" అన్నారు బైండరుగారు, సూదిలోంచి దారం లాగుతూ.

టీచరమ్మ నవ్వి, నవ్వు మధ్యలోనే ఆపేసింది. "గోడౌన్లు," అంది. "మా ఆయన కూర్చునే చోట బస్తాలు పెడతారన్నమాట." భర్త పోయాక కూడా ఆవిడ పక్క సీటుకి టిక్కెట్టు కొంటూనే ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు. బైండరుగారు పుస్తకం మీద ఇంకో బరువు పెట్టారు, అవసరం లేకపోయినా.

మర్నాడు రేవు ఊళ్లో ఉండే బామ్మర్ది ఫోను పట్టుకుని అక్కడి గ్రౌండులో కూర్చున్నాడు. విరామందాకా సవ్యంగానే చెప్పాడు. "సున్నా సున్నా బావా. మావాళ్లు చెమటలు కక్కుతున్నారు. నేను మీవైపే అనుకో, పైకి అంటే చొక్కా చింపుతారు." ఆ తర్వాత రెండు చోట్లా జనం ఒక్కసారే ఫోన్ల మీద పడ్డారేమో, లైను దొరకలేదు. ఇక్కడ ఒకటి ఒకటి. ఇంకో పది నిమిషాలుంది. మన వాళ్లు ప్రాణాలు పణంగా పెట్టి దాడి చేస్తున్నారు. బంతి ఒకసారి స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది.

అప్పుడే పడమటి స్టాండు నుంచి ఒక కేక లేచింది. చూస్తుండగానే సగం గ్రౌండు చుట్టేసింది. సెలూనాయన నిచ్చెన కిందికి పరుగెత్తుకొచ్చాడు. "పడింది! రేవు వాళ్లకి గోలు పడింది! ఓడిపోతున్నారు వాళ్లు! పెట్టవయ్యా పలక!"

ఆయన ఫోను మళ్లీ నొక్కారు. మోగలేదు. తల తిప్పి టీచరమ్మ వంక చూశారు. ఆవిడ లేచి నిలబడి ఒక వేలు పైకెత్తింది, కళ్లు తుడుచుకుంటూ. ఇద్దరు చెప్పారు. నీకెవరు చెప్పారు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆ గోలు లేకుండా పోతుందేమో అనిపించింది. అడగలేదు. కింది వరసలో సున్నా తీసి ఒకటి తగిలించారు.

గ్రౌండు కదిలిపోయింది. కెప్టెన్ బోర్డు చూశాడు. రెండు అరచేతులూ నేలవైపు ఊపాడు, నెమ్మది, నెమ్మది అని. ఆ క్షణం నుంచి దాడి ఆగింది. ఎదురుగా ఖాళీ మైదానం ఉన్నా వింగ్‌లో ఆడేవాడు బంతి వెనక్కి ఇచ్చాడు. దానికీ జనం చప్పట్లు కొట్టారు. పది నిమిషాలూ బంతిని ఒకరి కాళ్ల నుంచి ఒకరి కాళ్లకి పంపుకుంటూ గడిపేశారు. విజిల్ పడింది. జనం కంచె దూకి లోపలికొచ్చి కెప్టెన్ని భుజాల మీదికెత్తుకున్నారు.

జేబులో ఫోను మోగింది.

"బావా! ఇప్పుడు దొరికింది లైను. ఇక్కడ అయిపోయింది. సున్నా సున్నా. ఆ అరుపులేంటి, గెలిచారా ఏంటి?"

ఆయన తల తిప్పి కింది వరసలో ఒకటి వంక చూశారు.

"బావా? గెలిచారు కదూ?"

"గోలు పడలేదా?"

"ఎవరికి? ఎవరికీ పడలేదు. నీకెవరు చెప్పారు?"

కింద నాలుగు వేల మంది పాడుతున్నారు. టీచరమ్మ పక్క సీటు మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది. సున్నా పలక చేతిలో ఉంది. అది అంత బరువని ఆయనకి అంతవరకూ తెలియదు. ఇంకొక్క నిమిషం పాడనిద్దామా అనుకున్నారు. ఈ నిమిషం కూడా తను ఇచ్చిన అబద్ధమే అని తోచింది. ఒకటి తీసేసి సున్నా తగిలించారు. రేకు కొక్కానికి తగిలిన చప్పుడు ఆయన ఒక్కరికే వినిపించి ఉంటుంది.

ముందు ఎవరూ చూడలేదు. తర్వాత టీచరమ్మ చూసింది. ఆవిడ చేతిని సీటు మీంచి తీయలేదు. ఆ మూల పాట ఆగింది. పక్క మూల ఆగింది. గ్రౌండు మధ్యలో మాత్రం ఇంకా కాసేపు సాగి, అక్కడా సన్నగిల్లి పోయింది. భుజాల మీదున్న కెప్టెన్ని మెల్లగా దింపేశారు.

ఆయన నిచ్చెన దిగారు. దిగి పారిపోవచ్చు, గోడ వెనకే గేటుంది. జనంలోంచి గ్రౌండు మధ్యకి నడిచారు. ఎవరూ చెయ్యెత్తలేదు, తిట్టలేదు. దారి ఇచ్చారు. సెలూనాయన మొహం చేతుల్లో దాచుకుని అడ్డం వచ్చాడు. "వెనక వరసలో ఎవరో అన్నారయ్యా. టీచరమ్మ కూడా నన్ను చూసే వేలెత్తింది. అంతా నేనే..."

"నువ్వు చెప్పావు అంతే. పెట్టింది నేను," అన్నారాయన, ఆగకుండా.

కెప్టెన్ లారీ షెడ్డులో మెకానిక్. బూట్ల లేసులు విప్పుకుంటూ గడ్డిలో కూర్చుండిపోయాడు. తల ఎత్తలేదు.

"ఏది నిజం పెద్దాయనా?"

"సున్నా."

"మరి ఆ ఒకటి?"

ముప్పై ఒక్క ఏళ్లుగా కనబడ్డవాణ్ణల్లా అడిగిన మనిషి ఆయన. తడిసిన గడ్డిలో అతని ఎదురుగా కూలబడ్డారు.

"ఈ ఒక్కరోజే అడగలేదు నాయనా," అన్నారు.