పుంగనూరు ఇంటి ముందు ఆదివారాలు

మా పక్కింటివాళ్లు ఇల్లు అమ్మకానికి పెట్టినట్టున్నారు. ఈ వారమంతా పొద్దున కిటికీ తీస్తే చాలు, నిచ్చెనల మీద నిలబడి గోడకు రంగు కొట్టేవాళ్లే కనబడుతున్నారు. గేటుకు అటూ ఇటూ పూలకుండీలు కూడా దించారు. ఆ రంగు వాసన మదనపల్లె చలిగాలిలో కలిసి మా వరండా దాకా వస్తుంటే, కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న నాకు రెండు భుజాలూ లాగినట్టయింది. ఇరవై ఏళ్ల కిందటి పని నొప్పి ఇప్పుడు గుర్తుకొచ్చిందంటే నా ఈడువాళ్లు నవ్వరనే అనుకుంటాను.

తొంభైలలో నేనూ మా ఆయనా ఇద్దరం పుంగనూరులోనే ఉద్యోగాలు చేస్తూ, ఊరి చివర కాస్త జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాం. నేను బడిపంతులమ్మను, ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఇంటి ముందు రెండు తిన్నెలు, ఒక ఇనుపగేటు, గేటు మీద చిన్న పందిరి, దాని మీదికి ఆయన నాటి పాకించిన సన్నజాజి తీగ, అంతే దాని సింగారం. అది పూసే కాలంలో వీధి మలుపు తిరిగేసరికే మా ఇల్లు తెలిసిపోయేది. ఇక్కడే ముసలివాళ్లమవుతామనుకున్నాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు మదనపల్లెకు, ఆయనకు కుప్పానికి దాదాపు ఒకేసారి బదిలీలు వచ్చాయి. నేను మా అమ్మాయిని తీసుకుని మదనపల్లెలో అద్దెకు దిగాను. ఆయన కుప్పంలో ఒక గదిలో ఉంటూ మెస్సులో తినేవారు. అప్పటికే ఆయనకు షుగరు. మెస్సువాళ్లు పెట్టే తెల్లన్నం, బంగాళాదుంప కూర ఆయన ఒంటికి పడేవి కావు. కాళ్లు వాస్తున్నాయి, ఉద్యోగం మానుకుని వచ్చెయ్యండి అంటే వినలేదు. పుంగనూరు ఇల్లు అమ్మి మదనపల్లెలో సొంత గూడు కొన్నాకే వస్తాను, అద్దె ఇంట్లో పని లేకుండా కూర్చోలేనని ఆయన పట్టు. కాబట్టి ఆ ఇల్లు అమ్ముడుపోతేనే ఆయన నా దగ్గరికి వచ్చేది.

తాళం పడ్డ ఇల్లు ఎంత తొందరగా పాడవుతుందో, అలాంటి ఇల్లు ఉన్నవాళ్లకే తెలుసు. ఒక్క వానాకాలానికే కాంపౌండు గోడ నాచు పట్టి, ఎండి నల్లబడింది. గేటు తుప్పు పట్టింది. వాకిట్లో కాంగ్రెస్ గడ్డి నడుములోతు పెరిగింది. కొనడానికి వచ్చినవాళ్లు గేటు బయటే నిలబడి ఒకసారి చూసి, లోపలికైనా రాకుండా వెళ్లిపోయేవారు. చివరికి బ్రోకరు మా ఆయనతో మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"లోపల ఇల్లు బంగారంగా ఉండాది సార్. మొగమే బాగలేదు. ఆ మొగం సూసే అందరూ ఎనక్కి తిరిగి పోతాండారు."

అప్పట్నుంచి మా ఆదివారాలన్నీ ఆ మొగానికే పోయాయి. ఆయన శనివారం ఆఫీసయ్యాక కుప్పంలో బస్సెక్కి, వెంకటగిరికోట, పలమనేరు మీదుగా వచ్చి ఆ ఖాళీ ఇంట్లో చాప పరుచుకుని పడుకునేవారు. నేను పొద్దున్నే క్యారియర్లో సంగటి, పప్పు సర్దుకుని మదనపల్లె నుంచి బయల్దేరేదాన్ని. వారమంతా బళ్లో నిలబడిన కాళ్లతో అక్కడికి చేరి, చీర ఎగదోపి గడ్డి పీకడం, ఆయన ఇనుప బ్రష్షుతో గోడ రుద్దితే నేను సున్నం కొట్టడం, మధ్యాహ్నం తిన్నె మీద కూర్చుని ఇద్దరం తినడం, మళ్లీ లేవడం. మాటలు కూడా ఎక్కువ ఉండేవి కావు, అంత ఓపిక ఎక్కడిది? సాయంత్రం బస్టాండులో ఆయన ఒక బస్సు, నేను ఒక బస్సు ఎక్కేవాళ్లం. సున్నం పట్టిన వేళ్లతోనే సోమవారం నల్లబల్ల మీద రాసేదాన్ని.

గోడ తెల్లగా తేలి, హమ్మయ్య అనుకున్న వారమే ఎన్నికలు వచ్చిపడ్డాయి. ఆదివారం పోయి చూద్దుము కదా, గోడ పొడుగునా నీలం అక్షరాలతో ఎవరికో ఓటెయ్యమని రాసి ఉంది. మా ఆయన తిన్నె మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగక దగ్గులోకి తిరిగితే నీళ్లిచ్చి వీపు రాశాను. ఎన్ని పూతలు వేసినా ఆ నీలం కింద నుంచి తేలుతూనే ఉండేది. ఎదురింటి అక్క అది చూడలేక, ఎవరు బ్రష్షూ డబ్బా పట్టుకుని ఆ వైపు వచ్చినా వాకిట్లోంచే కేకలేసి తరిమేసేది. ఆమె పుణ్యాన మిగతా వైపు గోడ దక్కింది.

అయినా బేరం రాలేదు. బ్రోకరు మళ్లీ వచ్చి, తీగ అడ్డంగా ఉండాదని, ఇల్లు కనబడటం లేదని, పాములుంటాయని జనం భయపడతారని అన్నాడు. నాకు మనసొప్పలేదు, అయినా వద్దనలేదు. మా ఆయనే కత్తి తీసుకుని, తాను నాటిన తీగను తానే మొదటికి నరికి, పందిరి గెడలు ఊడదీసి పక్కన పడేశారు. ఆ రోజు సంగటి ముద్ద ఆయన సగం కూడా తినలేదు.

కొన్ని వారాలకు బ్రోకరు సోమల వైపు నుంచి ఒక రైతును, అతని తల్లిని పిలుచుకొచ్చాడు. కొడుకు లోపలంతా తిరిగి, బావి నీళ్లు కూడా రుచి చూశాడు. ముసలామె మాత్రం గేటు దాటి రాలేదు.

"నేను చెప్పిండేది ఈ ఇల్లు కాదప్పా. గేటు మీద జాజి పందిరుండే ఇల్లు. అది ఇంకా ముందర ఉండాది, రా," అని చేతికర్ర పొడుచుకుంటూ వీధిలోకి వెళ్లిపోయింది.

కంటి వైద్యానికి ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఆమె బస్సు కోసం నడుస్తూ, తాళం వేసిన ఇల్లే కదా అని మా గేటు ముందు ఆ నీడలో కూర్చునేదట. కొనేదుంటే ఆ ఇల్లే కొనమని కొడుకు వెంటపడిందట. ఇదంతా కొడుకు చెబుతుండగానే ఆమె ఒక్కో ఇంటి ముందూ ఆగి, తలెత్తి చూస్తూ వీధి చివరి దాకా పోయింది. మా ఆయన వాచిన కాళ్లతోనే ఆమె వెనక దాదాపు పరిగెత్తారు.

"మీరు ఎతుకుతాండే ఇల్లు అదేనమ్మా. పందిరి నేనే తీసేసినా," అన్నారు.

"యాల తీసేస్తివప్పా?"

ఆయన మెల్లగా ఆమెను వెంటబెట్టుకుని వచ్చి గేటు పక్కన మోడు చూపించారు. ఆమె వంగి, దాదాపు కూర్చుని, వేళ్లతో తడిమింది. మేము ఎవరమూ గమనించలేదు, మోడు పక్క నుంచి గోరంత చిగుళ్లు రెండు వచ్చి ఉన్నాయి.

"ఇది సావలేదు సూడు," అంది కొడుకుతో. తర్వాత లోపలికి వచ్చి తిన్నె మీద కూర్చుని మంచినీళ్లడిగింది. బేరం అక్కడే కుదిరిపోయింది.

రిజిస్ట్రేషను జరిగేలోపు వచ్చిన ఆదివారాల్లో మా ఆయన చేసిన పని చూసి వీధిలో వాళ్లంతా వింతగా చెప్పుకున్నారు. అమ్మేసిన ఇంటికి ఇంకా ఏమిటీ చాకిరీ అని నేనూ విసుక్కున్నాను. ఆయన వినిపించుకోలేదు. పడేసిన గెడల్లో పనికొచ్చేవి ఏరి, కొత్త వెదుళ్లు కొనుక్కొచ్చి మళ్లీ పందిరి వేసి, చిగుళ్లకు పురికొస కట్టి పైకి దారి పెట్టారు. తాళాలు ఆ ముసలామె చేతికి ఇస్తూ, ఎండాకాలంలో రెండు పూటలా నీళ్లు పొయ్యమని మాత్రం చెప్పారు.

ఆ ఏడాదే ఆయన ఉద్యోగం వదులుకుని మదనపల్లె వచ్చేశారు. ఈ ఇల్లు కొన్నాం. ఇన్నాళ్లకు ఆదివారాలు మనవి అనుకున్నాను గానీ, మొదటి ఏడాదంతా ఆయన ఆదివారం వస్తే మధ్యాహ్నం దాకా నిద్రే పోయారు. కుప్పం అలసట, పుంగనూరు అలసట కలిపి తీర్చుకుంటున్నట్టు ఉండేది. నేను లేపేదాన్ని కాదు. తర్వాత తేరుకుని, రాగిసంగటి తింటూ, పొద్దున నడుస్తూ చాలా ఏళ్లు బాగానే ఉన్నారు. ఆయన పోయి మూడేళ్లవుతోంది.

ఇప్పుడు ఇళ్లు ఫోన్లోనే అమ్ముతున్నారు. గోడకు రంగేసి నాలుగు ఫోటోలు తీసి పంపితే బెంగళూరులో ఉన్నవాళ్లు కూడా చూసి బేరమాడుకుంటారట. ఎవరూ గేటు ముందు కూర్చుని బస్సు కోసం చూసుకోరు, ఎవరి వాకిట్లో గడ్డి పెరిగిందో ఎదురింటివాళ్లకు పట్టదు. బస్సులూ పెరిగాయి, రోడ్లూ వెడల్పయ్యాయి. మూడు ఊళ్ల మధ్య మేము పడ్డ ఆ తిరుగుడు చెబితే ఈ కాలం పిల్లలు, అంత కష్టమెందుకు పడ్డారని అడుగుతారు. నిజమే, ఎందుకు పడ్డామో నాకూ సరిగా చెప్పడం రాదు. వారమంతా ఆదివారం కోసమే కాచుకుని, అది వచ్చాక నడుము విరిగేలా పనిచేసి, చెప్పుకోవాల్సిన మాటలు చెప్పుకోకుండానే చెరో బస్సు ఎక్కిన రోజులవి. ఇప్పుడు కావలసినంత తీరిక ఉంది, పొద్దున పేపరు మధ్యలో ఆ లావు అనుబంధం కనబడితే తప్ప అది ఆదివారమని కూడా తెలియడం లేదు.