చేటలో వాన

తర్వాతి రోజుల్లో మా మావయ్య కలకత్తా స్టూడియోల్లో సబ్బుల ప్రకటనలకు తెలుగు గొంతు ఇచ్చాడు. అంతకుముందు ఆ నగరం పక్కనే ఉన్న సంత్రాగాఛిలో మా చర్చి నాటకాలకు తెర వెనక చప్పుళ్లు చేసేవాడు. మాట్లాడేముందు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

ఒక ఏడు చర్చిలో జలప్రళయం నాటకం మధ్యలో లోడ్‌షెడ్డింగ్ అయింది. చీకట్లో జనమంతా ఉన్న ఒక్క తలుపు మీదికి తోసుకున్నారు. కింద పడ్డ పిల్లల్లో నేనూ ఉన్నాను. మావయ్య రేకు ఊపి ఉరుములు పుట్టించాడు. చేటలో బియ్యం ఆడించి వాన కురిపించాడు.

"బయట కుండపోత. ఎక్కడికెల్తారు? కూకోండి," అన్నాడు తాపీగా.

అందరూ కూర్చున్నారు.

దీపాలొచ్చాక చూస్తే బయట నేల పొడిగా ఉంది. ఒక ముసలమ్మ ఆయన్ని నిలదీసింది: "ఏటి బాబూ, గుళ్లో అబద్దాలాడతావేటి?"

"నాటకమే కదమ్మా," అన్నాడు మావయ్య. నన్ను ఎత్తుకున్నవాడు మాత్రం ఇల్లు చేరేదాకా కిందికి దించలేదు.