డ్యూటీ మామయ్య కారు

డ్యూటీ మామయ్య కారులో ఊరికే కూర్చోవడం కుదరదు. ఎక్కినవాళ్ళందరూ ఏదో ఒక పని చేయాలి. అది పెళ్ళి ప్రయాణమైనా సరే, ఆసుపత్రికి ప్రయాణమైనా సరే. అందుకే ఆయన అసలు పేరు మూలనపడి ఆ పేరే స్థిరపడిపోయింది.

వైపర్ ఎప్పుడో ప్రాణం విడిచింది. దానికి రెండు తాళ్ళు కట్టి ఒకటి అత్తయ్య చేతికిచ్చాడు, ఇంకోటి తన దగ్గర పెట్టుకున్నాడు. ఆమె లాగితే ఆయన వదలాలి, ఆయన లాగితే ఆమె వదలాలి. ఇంట్లో ఏనాడూ కుదరని సయోధ్య వాళ్ళకి వానలో కుదిరేది. ఇండికేటర్ లైట్లు లేవు కాబట్టి మలుపు రాగానే మేనకోడలి తండ్రి కిటికీలోంచి చెయ్యి చాచాలి. హారన్ మేనకోడలు. తండ్రి మీదుగా వంగి తల బయటపెట్టి, "జరగండి, జరగండి" అని కేకలు పెట్టాలి. కాలేజీలో చేరిన పిల్లకి, అందులోనూ కాలేజీ ముందు నుంచే వెళ్ళేటప్పుడు, అది ఎంత తలవంపో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

"బాగుచేయించొచ్చుగా మామయ్యా" అని ఆమె బతిమాలేది.

"ఇంతమంది మనుషులుండగా మెకానిక్ ఎందుకే?" అనేవాడు ఆయన.

అన్నిటికన్నా పెద్ద డ్యూటీ పెద్దమ్మది. పెద్దమ్మంటే మామయ్యకి అక్క. పెదనాన్న పోయాక ఆమె గడప దాటడం మానేసింది. ఎవరు రమ్మన్నా, "మీ మధ్య నేనెందుకు, బరువు కాకపోతే" అని గదిలోకి వెళ్ళిపోయేది. అలాంటి మనిషి ఈ కారు కదిలితే మాత్రం వచ్చేది. ఎడమవైపు వెనక తలుపు గొళ్ళెం నిలవదట, తాడు కట్టి ఎవరో ఒకరు లాగిపట్టుకోవాలట. ఆ పని పెద్దమ్మ తప్ప ఎవరూ సరిగ్గా చేయలేరని మామయ్య తేల్చేశాడు.

"అక్కా, పట్టుకున్నావా?" అని ముందు సీట్లోంచి అడిగేవాడు.

"పట్టుకున్నాన్రా, నువ్వు పోనీ."

అప్పుడే బండి కదిలేది. ఇప్పుడు మేనకోడలికి సొంత కారుంది. అందులో అన్నీ వాటంతటవే పనిచేస్తాయి, ఎక్కినవాళ్ళు ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటారు. ఆ పొందికైన నిశ్శబ్దంలో ఒక్కోసారి ఆమెకి కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరవాలనిపిస్తుంది.

సరే, అప్పట్లో మామయ్య కారుకి ఫిట్‌నెస్ పరీక్ష రానే వచ్చింది. మామయ్య ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని దర్జాగా వెళ్ళాడు. పరీక్ష చేసే ఆఫీసరు సన్నగా, నవ్వడం మరిచిపోయినట్టు ఉన్నాడు.

"హారన్ కొట్టండి" అన్నాడు.

"అమ్మడూ, హారన్" అన్నాడు మామయ్య. మేనకోడలు సిగ్గుతో చచ్చిపోతూ అరిచింది.

"వైపర్?"

అత్తయ్యా మామయ్యా తాళ్ళు లాగారు. ఇండికేటర్ అడగకముందే మేనకోడలి తండ్రి చెయ్యి చాచేశాడు. ఆఫీసరు అందరినీ దిగమంటే పెద్దమ్మ తాడు వదలకుండా, "నేను దిగితే తలుపు ఊడొస్తుంది నాయనా" అంది.

ఆయన కాసేపు వాళ్ళందరినీ చూసి, "మీ ఇంట్లోవాళ్ళు బాగానే పనిచేస్తున్నారండీ. బండే పనిచేయడం లేదు" అన్నాడు. అన్నీ బాగుచేయించి తీసుకురమ్మని, అప్పటిదాకా రోడ్డెక్కించొద్దని చెప్పి పంపేశాడు.

మెకానిక్ షెడ్డుకి మామయ్య వెంట మేనకోడలు కూడా వెళ్ళింది. మనసులో ఎగిరి గంతేస్తూనే వెళ్ళింది. మామయ్య ముఖం మాత్రం మాడిపోయింది. కొత్త హారన్ మోగగానే ఆమెని జాలిగా చూసి, "నీ ఉద్యోగం పోయిందే" అన్నాడు. వైపర్ తిరిగేసరికి, "మీ అత్తయ్యది కూడా" అన్నాడు. ఇండికేటర్లు వెలిగాయి, అరిగిపోయిన బ్రేకులు మార్చారు, కింద తుప్పుపట్టిన చోట రేకు వేసి వెల్డింగ్ చేశారు.

"ఆ వెనక తలుపు కూడా చూడండి" అంది మేనకోడలు.

మెకానిక్ తాడు విప్పి తలుపు వేశాడు. టక్కున పడింది. తీసి మళ్ళీ వేశాడు. మళ్ళీ టక్కున పడింది.

"దీనికేమైందమ్మా? ఈ బండిలో మొదట్నుంచీ బాగున్నది ఇదొక్కటే" అన్నాడు.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "బాబూ, దాన్ని కాస్త పాడుచేయడం కుదురుతుందా?"

"పాడుచేస్తే మళ్ళీ ఫెయిలే సార్" అన్నాడు మెకానిక్, తను సరిగ్గానే విన్నానా అన్నట్టు చూస్తూ.

మేనకోడలు నిలదీసేసరికి మామయ్య పాత టైరు మీద కూలబడ్డాడు.

"రమ్మంటే రాదే మీ పెద్దమ్మ. నువ్వు పట్టుకోకపోతే మా ప్రయాణమే ఆగిపోతుందన్నాను. వచ్చింది."

"మరి మిగతావి?"

"అవి నిజంగానే పోయాయి. బాగుచేయిద్దామనే అనుకున్నా. కానీ అక్క ఒక్కదానికే పని చెబితే అనుమానం రాదూ? అందుకని అందరికీ చెప్పాను." తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. "ఇప్పుడేం చెప్పి తీసుకెళ్ళను?"

ఇన్నేళ్ళ తలవంపులూ మేనకోడలికి ఆ క్షణాన తేలికైపోయాయి. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. మెకానిక్ పక్కన పడేసిన తాడు తీసుకెళ్ళి తలుపు పిడికి మళ్ళీ గట్టిగా కట్టింది.

పరీక్ష పాసైంది. ఆ ఆదివారం అందరూ బయల్దేరారు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది.

"అన్నీ బాగయ్యాయటగా. మీరు వెళ్ళిరండి."

మామయ్య మేనకోడలి వైపు చూశాడు. మేనకోడలు కారు దిగబోయింది. అప్పుడు చూసింది, పెద్దమ్మ కాళ్ళకి చెప్పులు ఉన్నాయి. భుజాన సంచి కూడా ఉంది.

"తలుపొక్కటీ కాలేదు పెద్దమ్మా. మెకానిక్ చేతులెత్తేశాడు" అంది మేనకోడలు.

"నాకు తెలుసు, అది వాడివల్ల అయ్యే పని కాదు" అంటూ పెద్దమ్మ వచ్చి తన చోట కూర్చుంది.

సన్నటి వానలో కారు బజారు దాటింది. వైపర్లు, ఇండికేటర్లు తమ పని తాము చేసుకుంటుంటే అత్తయ్యకి, మేనకోడలి తండ్రికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మేనకోడలు పక్కకి చూసింది. తాడు పెద్దమ్మ ఒళ్ళో వదులుగా పడి ఉంది. ఆమె రెండు చేతులతో తీరిగ్గా బత్తాయి ఒలుచుకుంటోంది.

మేనకోడలు నోరు తెరిచేలోగా పెద్దమ్మ ఒక తొన ఆమె నోట్లో పెట్టేసింది.

"అప్పుడెప్పుడో మొదటి ప్రయాణంలోనే తాడు జారిపోయిందే. తలుపు కదిలితేగా" అంది చెవి దగ్గర. "వాడికి చెప్పకు. నన్ను బయటికి తీసుకెళ్ళడం వాడి డ్యూటీ. అది కూడా పోతే పాపం వాడేం చేస్తాడు?"

ముందు సీట్లోంచి మామయ్య కేక వినిపించింది. "అక్కా, పట్టుకున్నావా?"

పెద్దమ్మ ఇంకో తొన నోట్లో వేసుకుంది.

"పట్టుకున్నాన్రా, నువ్వు పోనీ."