నీలం టెర్లిన్ అంగి

మా చెల్లెలికి కూతురు పుట్టింది. పసిపిల్లకు మొదట పాతబట్టే చుట్టాలని అమ్మ పట్టు. ఇంట్లో చూస్తే అన్నీ నైలాన్ చీరలే! విసుక్కుంటూనే ఈ రోజు సూర్యాపేట వారపు అంగడికి వెళ్లి, పాతబట్టల కుప్ప ముందు కూర్చుని మెత్తటి నూలుచీర కోసం వెతికాను.

నా పక్కన ఒక ముసలామె చొక్కాలు మాత్రమే తీసి, కాలర్లు వాసన చూసి కింద పెడుతోంది.

“ఏం వెతుకుతున్నవ్ అవ్వా?” అన్నాను.

“నా కొడుకు అంగి బిడ్డా. నీలం టెర్లిన్‌ది. వాడు పోయినంక, పెద్దోళ్లు చెప్పిన్రని బట్టలన్నీ పాతబట్టలోళ్లకు ఇచ్చేసిన. ఒక్కటన్న దాసుకోకపోతిని. తుంగతుర్తి నుంచి అంగడంగడికి తిరుగుతున్న.”

ఉతికి అమ్మే బట్టల్లో వాసన ఎక్కడుంటుంది? అయినా ఆమెతో పాటు నేనూ చొక్కాలే వెతికాను. దొరకలేదు.

నేనెందుకు వచ్చానో అడిగింది. కుప్ప అడుగు నుంచి వెలిసిన చీర ఒకటి లాగి, చెంపకు రాసి చూసి నా చేతిలో పెట్టింది.

“గిది మెత్తగున్నది. పసిదానికి మంచిగుంటది, తీస్కపో.”

పాప ఇప్పుడు ఆ చీరలోనే నిద్రపోతోంది. కోదాడలోనో మిర్యాలగూడలోనో మీకు నీలం టెర్లిన్ చొక్కా కనబడితే పక్కన పెట్టించండి. ఆమె అక్కడికీ వస్తుంది.