దావూద్ షెడ్డు ముందు నూనె కళ్లాపి

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద లారీలు బాగుచేసే దావూద్ ముప్పయ్యేళ్లపాటు రోజూ పొద్దున్నే ఒక పని చేసేవాడు. ఇంజన్లలోంచి దించిన కాలిన ఆయిలును డబ్బాతో ముంచి షెడ్డు ముందు నేలంతా చల్లేవాడు. అంతకుముందు వాళ్ల నాయన చల్లేవాడు. దుమ్ము లేవదు, విప్పిపెట్టిన బేరింగుల్లో మట్టి పడదు. ఆయిలు కాలువలో పారబోయడం తప్పని ఇద్దరికీ తెలుసు. చల్లడం మాత్రం వాళ్ల దృష్టిలో శుభ్రత.

నీటిని కాపాడతామని ఏటా ప్రతిజ్ఞ చేసి ఫొటోలు దిగేవాళ్లు ఆ షెడ్డు ముందు నుంచే ఊరేగింపుగా పోయారు. నల్లటి నేల ఎవరికీ పట్టలేదు. పట్టింది సకీనాకు. షెడ్డు ముందు పడ్డ వాననీళ్లను మోసుకుపోయే కాలువ వెనక కలిసే వంక ఒడ్డున నాలుగు ఎనుములు పెట్టుకుని పాలమ్ముకు బతికే మనిషి ఆమె. ఇసుకలో తవ్విన చెలమే వాటికి నీళ్లు. మొన్న జూన్‌లో తొలి వాన పడిన మరునాడు చెలమ నీళ్ల బిందెతో షెడ్డుకొచ్చింది.

"చూడరా దావూదూ. రంగురంగులు తేల్తాండాయి. ఎనుములు మూతి పెట్టి ఎనక్కి తీస్తాండాయి."

"ఊర్లో నూరు షెడ్లుండాయి గదక్కా. నాదేనని యెట్ల చెప్తావు?"

"నూరు షెడ్ల కాలవలు నా చెలమ కాడికి రావు. నీదొకటే వస్తాంది. వాసన జూడు, నీకు తెలీని వాసనా?"

వేలు ముంచి వాసన చూశాడు.

మరునాటి నుంచి చల్లడం మానేశాడు. దించిన ఆయిలు మూతున్న డ్రమ్ములో పోసి కప్పు కింద పెట్టాడు. నేల మీద ఒలికితే నీళ్లతో కడగకుండా ఊక చల్లి ఊడ్చాడు. దుమ్ము లేచింది. పెద్దముడియం నుంచి లారీ తెచ్చిన నారాయణ మొహం తుడుచుకుంటూ ఎగతాళి చేశాడు.

"ఏందప్పా, షెడ్డా, చేనా? శెనక్కాయ ఏస్తాండావా?"

"ఏసినా మొలవదులే మామా."

జూలై వానకు చెలమలో మళ్లీ రంగులు తేలాయి. ఇన్నేళ్లుగా తాగిన ఆయిలును నేల కక్కుతోంది. పాలు తగ్గిన ఒక ఎనుమును సకీనా అప్పటికే అమ్మేసింది. ఆ సంగతి తెలిసిన రోజే దావూద్ గడ్డపార పట్టాడు. షెడ్డు ముందు మూర లోతున మట్టి తవ్వి, సంచుల్లో నింపి, లోపల పేర్చాడు. రెండు లారీలు పట్టే చోట ఇప్పుడు ఒకటే పడుతోంది. ఆ మట్టిని తీసుకుపోయేవాళ్లు ఇంకా దొరకలేదు. వంకలో మాత్రం వేయనన్నాడు.

ఆగస్టు వాన వెలిసిన పొద్దున దావూదే చెలమ దగ్గరికి వెళ్లాడు. నీటి మీద పొర పలచబడింది.

"తగ్గింది గదక్కా?"

"నన్నడిగితే ఏం లాభం? తాగేది అది. దాన్నడుగు."

ఎనుము మూతి దించింది. కాసేపు ఊరికే నిలబడింది. తల ఎత్తేసి పక్కకు పోయింది.

దావూద్ షెడ్డుకు తిరిగొచ్చి, తవ్విన గుంతలోకే దిగి, ఇంకో మూర లోతుకు తవ్వడం మొదలుపెట్టాడు.