నారు పోయకముందే రాసిన మాట

మా బాటనీ సారు పోయారని మొన్న పొద్దున మెదక్ నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఆయన మమ్మల్ని సతాయించిన తీరు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది.

డిగ్రీ కాలేజీలో ఆయన దగ్గర ప్రాజెక్టు అంటేనే మాకు ఒళ్లు మంట. ఒక్క మొక్కనైనా ముట్టుకోకముందే, ఏం చూడబోతున్నామో, ఎలా కొలుస్తామో, ఏం తేలితే మన మాట తప్పని ఒప్పుకుంటామో రాసి, తేదీ వేసి, ల్యాబు తలుపుకు బయటివైపు అతికించాలి. దారినపోయే ప్రతివాడూ చదివేవాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మేం గొణుక్కునేవాళ్లం. సారు విననట్టే ఉండి మైదా జిగురు గిన్నె చేతికిచ్చేవారు.

ఆయనకూ మినహాయింపు లేదు. కానుగాకు కషాయం చల్లితే వరి గింజ బరువెక్కుతుందని ఆయన గట్టి నమ్మకం. పాపన్నపేట రైతులకు ఏళ్లుగా అదే చెప్పేవారు, వాళ్లూ నమ్మి చల్లేవారు. ఒక వానాకాలం దాన్నే పరీక్షకు పెట్టారు. నారు పోయకముందే ఆయన కాగితమూ తలుపెక్కింది: సగం మడికి కషాయం, సగానికి లేదు, చూసేది గింజ తూకమే, తేడా రాకపోతే నేను చెప్పింది తప్పు.

కోతలయ్యాక నేనే తూకం పట్టాను. తేడా రాలేదు. ఇన్నేళ్ల మాట రైతుల ముందు పోతుందే అని నాకే భయమేసింది. కోతకు ముందు కషాయం చల్లిన వైపు ఆకు మాత్రం పచ్చగా నిగనిగలాడింది, అదైనా చెబుదామని సారుతో అన్నాను.

"ఆకు చూస్తమని ముందుగాల అన్నమా బిడ్డా? ఇప్పుడంటే మనం పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టయితది. గది కావాలంటే వచ్చే పంటకు రాసుకొని చూద్దాం."

మర్నాడు షేర్ ఆటోలో పాపన్నపేట వెళ్లాం. గట్టు మీద కూర్చున్న రైతుల ముందు సారు నిలబడే చెప్పారు, తన మాట తప్పని తేలిందని, వాళ్లకు ఇన్నేళ్లూ ఉత్త చాకిరీ పెట్టానని. ఆ నిమిషాన ఆయన మీద నాకు పుట్టుకొచ్చిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

వాళ్లలో పెద్దాయన బీడీ ఆర్పేశాడు. "మందు మంచిగ పనిచేస్తదని చెప్పనీకి మస్తుమంది వస్తరు సారూ. చెయ్యదని చెప్పనీకి వచ్చింది మీరొక్కరే."

తర్వాత, యాసంగికి ఏ విత్తనం వేయమంటారని అడుగుతూనే పక్కకు జరిగి, భుజం మీది తువ్వాలతో గట్టు తుడిచి, సారుకు చోటిచ్చాడు.