ఒకవేళ గారు కొన్న వేడి నంబరు

సొంత అన్న ఫోన్ నంబరును ఒకవేళ గారు డబ్బులిచ్చి కొన్నాడని ఒక పుకారు. కళ్లారా చూసినవాడు లేడు, అవునని తేల్చినవాడూ లేడు. అయినా సెలూన్‌లో కుర్చీ ఎక్కిన ప్రతివాడూ గెడ్డానికి నురగ పూసేలోపు ఈ కథ వినేసి, మెడ మీద తువ్వాలు దులిపేలోపు తన వంతు ఓ ముక్క తగిలించి మరీ దిగుతాడు. బేరమాడి కొన్నాడని ఒకడంటాడు. ఒకటి కొంటే ఒకటి ఉచితమంటే వదిన నంబరు కూడా తెచ్చుకున్నాడని ఇంకొకడంటాడు.

ఒకవేళ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరేం కాదు. ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటు. మనిషి కనబడితే నమస్కారం కన్నా ముందు "ఒకవేళ రేపు మీకేదైనా అయితే" అంటాడు. అలా అని అని చివరికి అదే పేరైపోయింది. ఆయన స్కూటర్ చప్పుడు వినబడితే కొట్లవాళ్లు పట్టపగలే షట్టర్లు దించేసేవాళ్లని, ఉయ్యాల్లో పిల్లలు కూడా ఏడుపు ఆపి నిద్ర నటించేవాళ్లని చెప్పుకుంటారు. అందులో సగానికి సగం కొట్టేసినా, మిగతా సగం నిజమే.

కొత్త ఏజెంటుకి మొదట దొరికేది చుట్టాలే. బాబాయి, పిన్ని, మేనమామ, తోడల్లుడు, వాళ్ల తోడల్లుడు. ఒక ఏడాదిలో అందరినీ ఊడ్చేశాక అన్న ఒక్కడు మిగిలాడు. అన్న బస్సుల వర్క్‌షాపులో సూపర్‌వైజరు. బ్యాంకు లోను పెట్టి మూడో అంతస్తులో ఫ్లాటు కొని, అందరినీ భోజనానికి పిలిచాడు. నిండు హాల్లో, కంచం చేత్తో పట్టుకుని, ఒకవేళ వదిన వైపు తిరిగాడు.

"ఇల్లు చక్కగా ఉంది వదినా. లోను మాత్రం ఇరవై ఏళ్లంట కదా. ఒకవేళ రేపు అన్నయ్యకి ఏదైనా అయితే ఇదంతా ఎవరు కడతారు?"

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. సీలింగ్ ఫ్యాను కూడా ఆగిందని ప్రమాణం చేసేవాళ్లున్నారు.

"ఏరా, నేను చస్తే నీకెంతొస్తుంది?" అన్నాడు అన్న.

"అది కాదన్నయ్యా, నేననేది..."

"చెప్పరా, నీ కమీషనెంతో చెప్పు. ఇప్పుడే ఇచ్చేస్తా, పట్టుకుపో. మళ్లీ నా గుమ్మం తొక్కావంటే చూడు."

ఒకవేళ మెట్లు దిగిపోయాడు. కింద గేటు దాకా వచ్చాక గానీ కంచం ఇంకా చేతిలోనే ఉందని చూసుకోలేదు. దాన్ని వాచ్‌మన్‌కి అప్పజెప్పి స్కూటర్ స్టార్ట్ చేశాడు. ఆ మాట కమీషన్ యావతో అన్నాడా, వదిన మీద బెంగతో అన్నాడా అంటే, ఆయనే విడదీసి చెప్పలేడు.

ఆ తరవాత చుట్టాలెవరూ ఆయన ఫోన్ ఎత్తలేదు. అన్న నంబరే మార్చేశాడు. అందుకని ఒకవేళ నంబర్లు కొనడం మొదలుపెట్టాడు.

జిరాక్స్ షాపు పైన, కిటికీ లేని గదిలో, మూడు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చునే ఒకడున్నాడు. ఊళ్లో జనాన్నంతా జల్లించి నంబర్లు తీస్తాడు కాబట్టి ఏజెంట్లు వాణ్ణి జల్లెడ అంటారు. మందుల షాపు దగ్గర లక్కీ డ్రా డబ్బా పెట్టిస్తాడు, మార్కెట్లో ఉచితంగా షుగర్ పరీక్ష చేయిస్తాడు. జనం కాగితం మీద పేరు, వయసు, ఫోన్ రాసి, "ఇన్సూరెన్స్ కావాలా" అన్నచోట టిక్కు పెడతారు. నిన్నో ఇవాళో టిక్కు పెట్టినవాడిది వేడి నంబరు, ధర ఎక్కువ. అప్పటికే పదిమంది ఏజెంట్లు పీల్చి పడేసినది చల్లారిన నంబరు, గుత్తగా అమ్ముతాడు.

ఒకవేళ ఎప్పుడూ చల్లారినవే కొనేవాడు. ఆ జనం తిట్టి, ఆగి, మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ తిట్టేవాళ్లు. ఒకసారి అన్నం దగ్గర ఆయన భార్య అంది కదా, "ఏవండీ, తిట్టించుకోవడానికి బయటవాళ్లకి డబ్బులు పొయ్యడం దేనికి? చెబితే నేనే ఊరికే తిట్టిపెడతాను కదా." ఆయన నవ్వబోయాడు గానీ ముద్ద అడ్డం పడింది.

ఇలా కొన్నేళ్లు గడిచాక బ్రాంచి మేనేజరు పిలిచి, ఈసారి ఒక్క పాలసీ అయినా రాకపోతే ఏజెన్సీ తీసేస్తామన్నాడు. ఆ ఉదయమే ఒకవేళ జల్లెడ గది మెట్లెక్కి, జీవితంలో మొదటిసారి వేడి నంబరు అడిగాడు.

"నీ అదృష్టం గురూ," అన్నాడు జల్లెడ, తెర అటు తిప్పి. "గుండె డాక్టరు పక్కన మందుల షాపుంది చూడు, అక్కడిది. పొయ్యి మీంచి దించినట్టుంది, పొగలొస్తోంది. వయసు యాభై రెండు. ఉద్యోగం, పెళ్లాం, ఇంటి లోను."

"ఇంకెవరికీ ఇవ్వవు కదా?"

"నీ ఒక్కడికే. నా మీద ఒట్టు."

జల్లెడ మీద జల్లెడ వేసుకున్న ఒట్టుకి విలువెంతో అందరికీ తెలుసు. అయినా ఒకవేళ డబ్బులిచ్చాడు. డబ్బు ముట్టేదాకా పేరు ఉండదు, నంబరులో చివరి అంకెల మీద చుక్కలుంటాయి. ముట్టాక చుక్కలు పోయాయి గానీ, మందుల షాపులో నిలబడి గిలికిన రాత, పేరున్నచోట వంకరగా పొడి అక్షరాలే. ఆయన పట్టించుకోలేదు. ఇంటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, మోకాలి మీద ఫారం పరిచి, ఫోన్ చేశాడు.

"ఆఁ, చెప్పండి చెప్పండి," అంది అవతలి గొంతు.

ఒకవేళ ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. ఒక మాటని రెండుసార్లు అనడం వాళ్ల నాన్నకి అలవాటు. నాన్న తరవాత అలా అనేవాడు లోకం మొత్తంలో ఒక్కడే.

పెట్టేద్దామనుకున్నాడు. పెట్టలేదు. గొంతు కాస్త లావు చేసి, "ఇన్సూరెన్స్ కంపెనీ నుంచండీ," అన్నాడు.

"మంచిదండి. ఇంటికి రాకుండా ఫోన్లోనే అవుతుందా? మా ఆవిడకి తెలిస్తే కంగారు పడుతుంది. ఇంటి లోను ఒకటుంది, అదీ నా దిగులు. నేను లేకపోయినా ఆవిణ్ణి ఇంట్లోంచి ఎవరూ లేపకూడదు."

ఏ మాటకైతే ఒకప్పుడు గుమ్మం తొక్కనివ్వనన్నాడో, అదే మాట ఇప్పుడు తనే బతిమాలుతున్నట్టు అంటున్నాడు. ఒకవేళ కలం తీశాడు.

"సిగరెట్ అలవాటుందాండీ?"

"అబ్బే, వాసనే పడదు."

"గుండెకి సంబంధించి ఏదైనా..."

"ఏం లేదండి, రాయిలా ఉన్నా," అని దగ్గాడు. ఆ దగ్గు తగ్గేదాకా ఒకవేళ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"మీ నాన్నగారు ఏ వయసులో పోయారు?"

"పెద్ద వయసేనండి. డెబ్బై దాటాయి. నిద్రలోనే హాయిగా..."

"డెబ్బయ్యేంటి, యాభై నాలుగు! బాత్రూంలో పడిపోతే నేనే కదా తలుపు..." అని నాలుక కరుచుకున్నాడు.

 అవతల వర్క్‌షాపులో ఇనుము మీద సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాడు. అన్న పెట్టలేదు. మెల్లగా అన్నాడు:

"తరవాత ప్రశ్న ఏంటి సార్?"

"తోడబుట్టినవాళ్లు... ఎంతమంది, ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతారండీ."

"ఒక్కడే. తమ్ముడు. బాగానే ఉంటాడనుకుంటా. వాడికి సిగరెట్ అలవాటు లేదు. నేను డాబా మీద దొంగతనంగా కాలుస్తుంటే మెట్ల దగ్గర కాపలా ఉండేవాడు. నాన్న వస్తుంటే దగ్గేవాడు." గొంతు తగ్గించి, "అదీ రాసుకోండి సార్. నాన్న సంగతీ రాసుకోండి. మొన్న నన్ను రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు, అది కూడా. మీకు ఎలా సరి అనిపిస్తే అలా చెయ్యండి," అన్నాడు.

ఒకవేళ అంతా రాశాడు. తోటి ఏజెంట్లయితే వరసగా "లేదు, లేదు, లేదు" అని కొట్టుకుంటూ పోతారు. అబద్ధం రాస్తే రేపు కంపెనీవాడు ఆసుపత్రి కాగితాలు తవ్వి తీసి, వదిన చేతికి చిప్ప ఇస్తాడని ఆయన భయం. నిజం రాస్తే ప్రీమియం పెంచైనా ఇస్తారని ఆశ. వారం తిరక్కుండా కంపెనీ జవాబు పంపింది, ఇవ్వం పొమ్మని. అదే జవాబు అన్న ఫోన్‌కి కూడా మెసేజిగా వెళ్లింది.

అసలు సంగతి ఇక్కడుంది. ఒక కంపెనీ కాదన్నాక ఇంకో కంపెనీకి వెళితే, ఫలానా వాళ్లు కాదన్నారని అక్కడ చెప్పాలి. దాస్తే రేపు పైసా రాదు. అది ఏజెంటుకి తెలుస్తుంది గానీ వర్క్‌షాపులో మనిషికి ఎలా తెలుస్తుంది? ఒక్క ఫోన్ చేసి, "ఎవరి దగ్గరైనా తీసుకో, ఈ సంగతి మాత్రం దాచకు," అని ఒకవేళే చెప్పాలి. ఫోన్ తీశాడు, పెట్టాడు, తీశాడు. సార్ అని పిలిపించుకుంటూ చేస్తే సిగ్గు. అన్నయ్యా అని చేస్తే, ఇన్నేళ్ల తరవాత మొదటి మాట "నీకు పాలసీ రాలేదు, నువ్వు పోతావని వాళ్లకి అర్థమైంది" అనాలా? ఆ మాట అనే కదా అప్పుడు కంచంతో సహా బయటికొచ్చింది. రేపు చేద్దామనుకున్నాడు. ఆ రేపు ఎన్ని రేపులైందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఈలోపు జల్లెడ అదే వేడి నంబరు ఇంకో నలుగురికి అమ్మాడు. అందులో ఒకడు పరిగెత్తుకెళ్లి, అన్నీ "లేదు" అని రాయించి, పాలసీ ఇప్పించేశాడు. కొన్ని నెలలకే అన్న వర్క్‌షాపులో, బస్సు కింద నుంచి లేవబోయి లేవలేకపోయాడు.

ఒకవేళ ఆ గుమ్మం మళ్లీ తొక్కింది అప్పుడే. దినకర్మలకి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక కూడా వెళ్లకుండా, ఆ తరవాత రోజూ వచ్చి హాల్లో కూర్చునేవాడు. ఒకరోజు వదిన కాఫీ తెచ్చి చేతికిచ్చి, ఎదురుగా కూలబడింది.

"డబ్బు ఇవ్వం పొమ్మన్నారు. బ్యాంకువాళ్లు ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు."

"ఎందుకు ఇవ్వరంట వదినా?" అన్నాడు, ఎందుకో ఆయనకి తెలియనట్టు.

"అంతకుముందు ఎవడో ఏజెంటు ఇంకో కంపెనీకి ఫారం పంపాడంట. మామయ్యగారి గుండె, ఈయన సిగరెట్లు, ఆసుపత్రి, అన్నీ పూస గుచ్చినట్టు రాసి పంపాడంట. కంపెనీలన్నీ ఒకరి చెవిలో ఒకరు ఊదుకుంటాయి కదా. అక్కడ నిజం చెప్పి మా దగ్గర దాచారు, అది మోసం అన్నారు. ఆ రాసినవాడి చేతులు పడిపోను!"

ఒకవేళ చేతిలో కాఫీ మీద మీగడ కట్టింది.

"నువ్వుంటే ఇలా అయ్యేదా? ఎంత కోపమున్నా నిన్ను పిలవండి అని చెప్పాను ఆయనకి. నువ్వైతే తెలిసినవాడివి, జాగ్రత్తగా రాసేవాడివి."

ఆయన తల ఊపాడు. ఎందుకు ఊపుతున్నాడో ఆయనకే తెలీదు.

"విచిత్రం ఏంటంటే," అని వదిన కళ్లు తుడుచుకుంది, "పాలసీ రాదని వచ్చిన మెసేజి నా కంటబడిన రోజు నేను ఆ ఏజెంటుని ఇలాగే తిడుతుంటే, మీ అన్నయ్య నన్ను కసిరారు. వాణ్ణి ఏమీ అనకు, సరిగ్గానే రాశాడు, సరిగ్గానే రాశాడు అన్నారు. రెండ్రోజులు ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నారు. ఎవరి ఫోన్ కోసమో మరి."

ఒకవేళ కాఫీ తాగేశాడు, మీగడతో సహా. కప్పు తీసుకెళ్లి తనే కడిగి పెట్టి, చెప్పులేసుకున్నాడు. చెప్పాల్సింది చెప్పకుండానే మెట్లు దిగాడు.

తరవాత సామాన్లు దింపిన రోజు బీరువా ఒక చివర ఆయనే పట్టుకున్నాడు. మూడంతస్తులూ ఒక్కడే వీపు మీద మోశాడని సెలూన్‌లో అంటారు గానీ, అది మరీ ఎక్కువ. వదిన ఇప్పుడు చెల్లెలి ఇంట్లో, వెనక గదిలో ఉంటోంది. ఒకవేళకి ఏజెన్సీ పోయింది. జిరాక్స్ షాపు పైకి మాత్రం వెళతాడంటారు. కొనడానికి కాదట. ఆ మెట్ల మీద కాసేపు కూర్చుని దిగి వచ్చేస్తాడట.

మొన్న సెలూన్‌లో కుర్చీ ఎక్కాడు. గెడ్డం నెరిసిపోయింది. మంగలి నురగ పూసి, కత్తి గొంతు దగ్గర పెట్టి, కదలలేని సమయం చూసి అడిగేశాడు.

"సార్, ఏమనుకోకండి. మీ అన్నగారి నంబరు మీరే కొన్నారంటారు, నిజమేనా?"

అద్దంలో మంగలి వైపు చూసి, పెదాలు కదిలీ కదలకుండా ఒకవేళ అన్నాడు:

"ఎవడు చెప్పాడయ్యా నీకు? నేను నంబర్లు కొనడమేంటి! నేను ఏ ఫారమూ రాయలేదు, ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అసలు ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నాకు అన్నే లేడు. నువ్వు ముందు గెడ్డం సంగతి చూడు, చెయ్యి వణుకుతోంది."

"వణికేది నా చెయ్యి కాదు సార్."

"అదీ అబద్ధమే," అన్నాడు ఒకవేళ.